అందరి వెనక పరుగెత్తిన కోడలు

నా కోడలు పోయింది. జ్వరమని తన కాళ్ల మీద నడిచి, బస్సెక్కి ఖమ్మం దవాఖానాకు వెళ్లిన మనిషిని వ్యానులో ఇంటికి తెచ్చుకున్నాము. ఇల్లందు చుట్టుపక్కల వాళ్లకు ఆమె పరుగు నేర్పే కోచ్. నాకైతే, ఇంట్లో నా మాటకు ఎదురు చెప్పే ఒకే ఒక్క మనిషి.

బొగ్గు బావిలో పని చేసి రిటైరైనవాణ్ణి నేను. ఆమె కాపురానికి వచ్చిన కొత్తలో, తెల్లవారకముందే బూట్లు కట్టుకుంటుంటే అడిగాను.

"కాలేజీల ఉరికినవ్, కప్పులు తెచ్చినవ్. ఇంకా ఎవరు తరుముతున్నరమ్మా నిన్ను?"

"మీరే మామయ్యా. పొద్దున లేస్తే గిట్ల అడిగి తరుముతున్నరు."

ముఖం తిప్పుకుని నవ్వుకున్నాను.

గూడేల ఆడపిల్లలను అడవి రోడ్డు మీద పరుగెత్తించేది. మిగతా కోచ్‌లు ఈల పట్టుకుని నిలబడతారట. ఈమె అందరికంటే నిదానమైన పిల్ల పక్కన, చివరన పరుగెత్తేది. ఎందుకని అడిగితే, "ముందున్నోళ్లకు గెలుపు కనిపిస్తది మామయ్యా. ఎనకున్న పిల్లకు ఇంటికి మళ్లే తొవ్వే కనిపిస్తది. ఆ తొవ్వకు నేను అడ్డముంట," అన్నది.

ఇప్పపువ్వు రాలే రోజుల్లో తండ్రులు పిల్లలను పంపరు. పొద్దున్నే ఏరకపోతే పశువులు తినిపోతాయి. దానికీ దారి చూసింది. పరుగును ఇప్పచెట్ల కిందికే తీసుకుపోయి ఆపేది. తనూ చున్నీ నడుముకు బిగించి పిల్లలతో పాటు పూలు ఏరేది. "వంగి లేసుడు కూడా కసరత్తే," అనేది. ఇంటికి వస్తే సారా కాచే ఆ పూల వాసన ఇల్లంతా నిండేది. సారా దుకాణం నుంచి వచ్చినవా అని ఏడిపించేవాణ్ణి.

ఆమె పోయాక పిల్లలు రావడం మానేశారు. ఆమె పడ్డ కష్టం మట్టిలో కలుస్తుందని నాకు నిద్ర పట్టలేదు. ఒకరి వాకిట్లో నిలబడి అడిగే అలవాటు నాకు లేదు. అయినా పోయి నిలబడ్డాను.

"మేడం ఉన్నది, పంపినం. ఇప్పుడు ఎవరి భరోసా మీద పంపాలె పెద్దాయనా?" అన్నాడు ఒక పిల్ల తండ్రి.

"నా భరోసా."

"నాలుగడుగులేస్తే ఆయాసం వస్తది నీకు. నువ్వు ఉరుకుతవా?"

"ఉరకను. తొవ్వ పక్క మోరీ గోడ మీద కూసుంట. ఒక్క పిల్ల తిరిగి రాకున్నా నా గల్లా పట్టు."

 అతను లోపలికి చూసి, "పో బిడ్డా, జల్దీ తయారు కా," అన్నాడు.

ఈరోజు పొద్దున వచ్చారు. మోరీ మీద కూర్చున్నాను. ఒక్కొక్కరే నన్ను దాటి మసకలోకి పోయారు. చివరి పిల్ల కూడా దాటింది. ఆ తర్వాత రోడ్డు ఖాళీ. ఇంకొక జత అడుగులు రావాలి కదా అని, ఎండ ముఖం మీద పడేదాకా ఆ రోడ్డుకే చెవి పెట్టి కూర్చున్నాను.