కచ్చా ఇల్లు

కొత్తకోట దగ్గర హైవే పక్కన వెలిసిన రిసార్టులో పేడతో అలికిన గదులను గొప్ప వింతగా చూపిస్తున్నారు. ఆ అలుకు వాసన ముక్కుకు తగలగానే నాకు ఒళ్లు మండింది. మా అవ్వ నేల గురించి ఇంకెవరూ రాయరు కాబట్టి నేనే రాస్తున్నాను.

తెలంగాణ వచ్చిన కొత్తలో నేను మూడో తరగతి. ఎర్రమట్టి, ఊక, పేడ కలిపి అవ్వ దిమ్మిసతో కొట్టి చేసిన నేల మాది. ఎండాకాలం దాని మీద పడుకుంటే వీపంతా చల్లబడేది. ఊళ్లో ఇళ్ల లెక్క రాసుకోవడానికి వచ్చిన ఒకాయన చెప్పులతోనే దాని మీద నిలబడి, "గిది కచ్చా ఇల్లు" అన్నాడు.

కచ్చ అంటే పగ అనే తెలుసు నాకు. "అవ్వా, మనింటికి ఎవలి మీద కచ్చ?" అని అడిగాను.

"గాయన మీదనే బిడ్డా! చెప్పులతోని తొక్కిండు గద" అని అవ్వ నవ్వింది.

బాపు నవ్వలేదు. "నలుగుట్ల ఇజ్జత్ పోతాంది" అంటూ గడ్డపారతో ఆ నేల తవ్వి టైల్స్ వేయించాడు.

"గీ టైల్సు మీద పంటె మోకాళ్లు గుంజుతున్నయి" అని అవ్వ బయట అరుగు మీదికి మారింది. మళ్లీ లోపల పడుకోలేదు.

పెద్దయ్యాక లైబ్రరీ నిఘంటువులో చూశాను. కచ్చా అంటే పచ్చిది, పక్వం కానిది. అవ్వ చేతుల కింద ఏళ్లకేళ్లు గట్టిపడిన నేల పచ్చిదట! ఎవరో అన్న ఒక్క మాటకు మా ఇంటిని చూసి మేమే సిగ్గుపడ్డాం.

ఆ నేలకు మట్టి మోసిన సాయమ్మత్తకు, ఊక ఇచ్చిన బాలమణి చిన్నమ్మకు, నిఘంటువు వెతికిచ్చిన లైబ్రరీ యాదయ్య సారుకు, మా అవ్వ ఈదమ్మకు కృతజ్ఞతలు. ఆ చెప్పులాయన పేరు నాకు తెలియదు. తెలిసినా ఇక్కడ రాయను.