నెమరు వెయ్యని గుర్రం

ఈ బొటనవేలి కట్టు చూసి కత్తిపీటకి తెగిందా అని అడుగుతున్నారు కదా, కాదు. గుర్రం కరిచింది. కరిచినందుకు దాని మీద నాకు ఇసుమంత కోపం లేదు. దాని చోట నేనుంటే చెయ్యంతా కొరికి పడేద్దును. టీ పోసుకుని కూర్చోండి. ఎలాగూ ఊరంతా చెప్పుకుంటున్నారు, నా నోటితో నేను చెప్తే కాస్త సవ్యంగానైనా ఉంటుంది.

అమలాపురం నుంచి ఉప్పలగుప్తం వెళ్ళే దార్లో లోపలికి తిరిగితే మా ఊరు. పాతికేళ్ళుగా ఆరు గేదెల పాడి నాది. ఎవరి గొడ్డుకి కడుపు ఉబ్బినా, ఈనలేక అవస్థ పడుతున్నా, పాలు చేపకపోయినా, ముందు "భూలక్ష్మిగారిని పిలవండి" అంటారు. డాక్టరు మాట ఆ తరవాతే. పిలిచిన ప్రతిసారీ నేను చేతులు కడుక్కుని, కొంగు బిగించి, కలెక్టరు తనిఖీకి వెళ్ళినంత ఠీవిగా వెళ్ళేదాన్ని. అదిగో, ఆ ఠీవే నా కొంప ముంచింది.

మా కొబ్బరి తోట అవతల ఫంక్షన్ హాలుంది కదా, అందులో పెళ్ళికి ఊరేగింపు గుర్రాన్ని తెచ్చేరు. డీజే పెట్టుకుని రెండు గంటలు దాని మొహం మీదే గంతులేసేరు. పెళ్ళయ్యేక గుర్రం వాళ్ళు జరీ గుడ్డలూ, పూసల పట్టీలూ జాగ్రత్తగా మడతపెట్టి వ్యాన్లో వేసుకున్నారు. గుర్రాన్ని మాత్రం మా తోట చివర కొబ్బరి చెట్టుకి కట్టి, రేపొచ్చి తీసుకెళ్తామని చెప్పి పోయేరు. రేపూ రాలేదు, ఎల్లుండీ రాలేదు. ఫోను స్విచాఫ్. గుడ్డల పాటి విలువ లేకపోయింది ఆ ప్రాణానికి.

పైగా వాన. రెండు రోజులు ఆ వానలో అలాగే నించుంది. చూడ్డానికి వచ్చినవాళ్ళకి లోటు లేదు. పక్కన నించుని సెల్ఫీలు దిగేరు, జూలులో చిక్కుకున్న చెమ్కీలు పీక్కెళ్ళేరు. ఒక్కడంటే ఒక్కడు గుప్పెడు గడ్డి పెడితే ఒట్టు. నాకు ఒళ్ళు మండింది. మా ఆయన్ని లేపి, తాడు విప్పించి, మన పాకలోకి తోలుకొచ్చేద్దాం పదండి అన్నాను.

మా ఆయన మాట తక్కువ మనిషి. పదేళ్ళు కువైట్‌లో డ్రైవరు చేసి వచ్చేక ఇంకా తగ్గింది. తోట నుంచి పాకకి పది నిమిషాల నడక, ఆ గుర్రానికి గంట పట్టింది. దారిలో ఆయన ఒకే ఒక్క మాటన్నారు.

"కుంటుతోంది కదే."

"కుంటు కాదండి, నీరసం. నీరసం పడ్డ గొడ్డు అడుగు అలాగే తడబడుద్ది. మీకేం తెలుసు?" అన్నాను.

ఆ రోజు ఆయన గట్టిగా ఇంకో మాట అని ఉంటే ఎంత బావుండునని ఇప్పటికి వందసార్లు అనుకున్నాను. అనుంటే నేను వినేదాన్నా? అది వేరే సంగతి.

పాకలో కట్టేసరికి పక్కింటి సత్తిరాజు బాబాయిగారు ఇస్త్రీ చొక్కా వేసుకుని మరీ వచ్చేరు. ఎనభై దాటిన మనిషి, ఒకప్పుడు ఒంగోలు ఎడ్లు కట్టేరు. గుర్రం చుట్టూ ఒక చుట్టు తిరిగి, "అమ్మాయ్, ఇది నించుని ఉన్నంతసేపే మన చేతిలో ఉన్నట్టు. బలం లేని పెద్ద గొడ్డు ఒకసారి కింద పడుకుందంటే మళ్ళీ లేవదు. రోగం ఏంటో బేగి కనిపెట్టు" అన్నారు.

కనిపెట్టు అంటే నాకు చాలు కదా. పాక నిండా జనం, మధ్యలో నేను. ముందు కింది పెదవి లాగి పళ్ళు లెక్కపెట్టేను. గొడ్డుకి వయసు చూసేది కింది పళ్ళతోనే. ఆరున్నాయి.

"ఆరు పళ్ళండి బాబాయిగారూ. మహా అయితే నాలుగేళ్ళు, పడుచుది."

"అయితే తట్టుకుంటాదిలే" అన్నారు బాబాయిగారు. జనం తలలూపేరు.

తరవాత తవుడూ తెలగపిండీ కలిపి చిక్కటి కుడితి పెట్టేను. మూతి పెట్టి, తీసేసి, ఇంకో వైపు తిరిగింది. మా ఆయన బకెట్టుతో ఒట్టి మంచినీళ్ళు పెడితే గటగటా తాగేసింది. అది నేను లెక్కలోకి తీసుకోలేదు. పేడ చూశాను, ఉండలు ఉండలుగా ఉంది. గేదె అలా వేసిందంటే లోపల ఎండిపోయినట్టు. ఇంక అసలైన పరీక్ష మిగిలింది. కుర్చీ వేసుకుని మధ్యాహ్నం నుంచి దీపాలు పెట్టేవరకూ దాని దవడ వంకే చూస్తూ కూర్చున్నాను. పక్కన నా ఆరు గేదెలూ కళ్ళు అరమోడ్చి హాయిగా నెమరేస్తున్నాయి. దీని దవడ మాత్రం కదల్లేదు.

నెమరు ఆగిందంటే మన వైపు ఎంత గాభరా పడతారో మీకు తెలుసు. కుడితి ముట్టదు, పేడ ఉండలు, నెమరు లేదు. మూడూ కలిస్తే కడుపు కట్టేసినట్టేనని తేల్చేసేను.

"ముందరి కుడికాలు చూడవే. నేలకి ఆనించట్లేదు, ముందుకి చాపి పెడతంది" అన్నారు మా ఆయన.

ఇంకెవరైనా అయితే చూసేవారు. నేను ఫోన్ తీసి ఆయనకి వీడియో చూపించేను. గుర్రాలు నించునే నిద్రపోతాయి, అప్పుడు ఒక కాలు వదులుగా పెట్టుకుంటాయి అని అందులో చక్కగా చెప్పేరు.

"చూసేరా, దాని అలవాటే అంత."

"పోనీ ఆస్పత్రికి ఫోన్ చేద్దామా?"

"పాతికేళ్ళలో మన పాకలోకి డాక్టరు ఎన్నిసార్లొచ్చేరండీ? రెండుసార్లు. అవైనా బీమా కాగితం మీద సంతకానికి."

ఆయన తువ్వాలు భుజాన వేసుకుని బయటికి వెళ్ళిపోయేరు.

మర్నాడు వైద్యం మొదలు. వాము, శొంఠి, ఇంగువ, బెల్లం వేసి కషాయం కాచి వెదురు గొట్టంలో పోసేను. గేదె అయితే తల ఎత్తి పట్టుకుంటే గుటకలేస్తుంది. ఇది నాకన్నా ఎత్తుకి తల ఎత్తేసింది. కషాయం అంతా నా జాకెట్టు చేతిలోంచి నడుం దాకా కారింది. సాయంత్రం ఇంకోసారి పోసేను, ఇంకోసారి తడిసేను. ఊళ్ళో ఒకావిడ "లోపలికి ఎంతెళ్ళిందండి?" అని అడిగితే, దానికా నాకా అని అడగాల్సొచ్చింది.

అప్పుడు తీసేను మా అత్తగారి వైద్యం. నెమరు ఆగిన గొడ్డుకి, బాగా నెమరేసే గొడ్డు నోట్లోంచి ఆ ముద్ద తీసి తినిపించేవారు ఆవిడ. దానికి నెమరెయ్యడం గుర్తుచేసినట్టన్నమాట. నా చేత్తో నాలుగు గేదెలకి చేశాను, నాలుగూ లేచేయి. సరే, మా పెద్ద గేదె నెమరేస్తుంటే బుగ్గ పక్కనించి రెండు వేళ్ళు పెట్టి ముద్ద లాగేను. అది నా వంక ఎంత రోతగా చూసిందో చెప్పలేను. ముద్దకి ఇంత ఉప్పు అద్ది, గుర్రం ముందు నించున్నాను. బాబాయిగారు దగ్గరగా చూస్తానని నా భుజం పక్కకి వచ్చేరు.

గేదెకి పైన ముందు పళ్ళుండవు, ఒట్టి చిగురు. అందుకని ముందు నుంచే నోట్లో చెయ్యి పెట్టడం పాతికేళ్ళ అలవాటు నాకు. పెట్టేను. గుర్రం నోరు మూసింది.

నేను పెట్టిన కేకకి కొబ్బరి చెట్టు మీద కాయల దింపు తీస్తున్నవాడు కత్తి జారవిడిచేడు. గుర్రం చెయ్యి వదిలి, పెద్దగా చీది, ఆ ముద్ద మొత్తం బాబాయిగారి ఇస్త్రీ చొక్కా మీద ఊసేసింది. నేను వేలు పట్టుకుని చతికిలబడ్డాను. బాబాయిగారు చొక్కా కూడా తుడుచుకోకుండా ముందుకి వంగి, దాని మూతిలోకి తేరిపార చూసి, నెమ్మదిగా అన్నారు.

"అమ్మాయ్, దీనికి పైన కూడా పళ్ళున్నాయి."

ఇక్కడిదాకా ఎవరికి చెప్పినా పొట్ట పట్టుకుని నవ్వుతారు. మీరూ నవ్వండి. ఇంతవరకు నవ్వులాటే.

మూడో రోజు పొద్దున్న పాలు పితకడానికి వెళ్ళేసరికి గుర్రం కింద పడుకునుంది. మెడ నేల మీద వాల్చేసింది. నన్ను చూసి లేవబోయి, ముందు కాళ్ళ మీద బరువు పడగానే మూలిగి మళ్ళీ కూలబడింది. పడుకుంటే లేవదన్న మాటే చెవిలో మోగుతోంది. పక్కన కూర్చుని మెడ నిమురుతుంటే చెమటతో తడిసిపోయుంది. అంత నొప్పిలోనూ నా చెయ్యి వంక మూతి చాపింది. ఏడుపొచ్చేసింది నాకు.

మా ఆయన వెనకాలే వచ్చేరు. "డాక్టరుగారికి రాత్రే ఫోన్ చేసేను. బయల్దేరేరంట" అన్నారు. నా మీద ఆయనకి కోపం వచ్చినట్టు కూడా లేదు. నలుగురు మనుషులు పట్టి, గోనెలు పొట్ట కిందుగా వేసి ఎత్తితే, ఎలాగో మూడు కాళ్ళ మీద నించుంది.

స్కూటీ మీద వచ్చింది డాక్టరమ్మ. ముప్పై కూడా ఉండవు. చెవులకి గొట్టం పెట్టుకుని పొట్ట రెండు వైపులా విని, "కడుపు బానే ఉందండి. ఏంటి ప్రాబ్లం?" అంది.

"నెమరు వెయ్యట్లేదండి మేడంగారూ. మూడు రోజులైంది."

"మూడు రోజులు కాదండి, పుట్టినప్పట్నించీ వెయ్యట్లేదు. గుర్రానికి నెమరుండదు."

"పేడ ఉండలుగా వేస్తందండి."

"అలాగే వేస్తుందండి."

"కుడితి ముట్టట్లేదండి."

"మంచి పని చేసింది."

నాకింకా పొగరు చావలేదు. "వయసైతే నాలుగేళ్ళే కదండి, ఆరు పళ్ళే వచ్చేయి" అన్నాను. ఆవిడ పై పెదవి ఎత్తి, ముందుకి పొడుచుకొచ్చిన పళ్ళు నాకు చూపించింది. "పళ్ళిలా ముందుకొచ్చేయంటే ఇరవై దాటేయండి దీనికి. గుర్రానికి కింద ముందు పళ్ళు ఆరే. ముసల్దైనా ఆరే."

పాక గుమ్మంలో ఎవరో కిసుక్కుమన్నారు. మొదటి రోజు తలలూపిన వాళ్ళలోనే ఎవరో.

అప్పుడావిడ కిందికి వంగి ఆ కుడికాలు పట్టుకుంది. గిట్ట మీద చెయ్యి వేసి, నా చెయ్యి కూడా తీసుకెళ్ళి పెట్టింది. పొయ్యి మీంచి దించిన గిన్నెలా కాలిపోతోంది. మూడు రోజుల్లో దాని పళ్ళు పట్టుకున్నాను, పేడ పట్టుకున్నాను, గిట్ట మాత్రం ముట్టుకోలేదు.

"వెనక కాలు వదులుగా పెడితే విశ్రాంతండి. ముందు కాలు ఇలా చాపి పెడితే నొప్పి. మూడు రోజులుగా అది చెప్తానే ఉంది కదండీ" అంది.

ఇనప నాడా ఊడదీసింది. నాడా కొట్టినప్పుడెప్పుడో ఒక మేకు పక్కకి పోయి మాంసంలోకి దిగిపోయింది. ఆవిడ కత్తితో కొంచెం గీరగానే నల్లటి చీము చిమ్మింది. ఆ వాసనకి గుమ్మంలో జనం ఖాళీ. ఆ మేకు మీదే పెళ్ళికొడుకుని మోసింది. ఆ మేకు మీదే నేను గంటసేపు నడిపించి తెచ్చేను, నీరసం అని పేరుపెట్టి.

"మొన్నే చూసుంటే చిన్న కన్నం పెట్టి కడిగితే సరిపోయేదండి. ఇప్పుడు లోపల పైకి పాకిపోయింది. ప్రాణానికి పర్వాలేదు. కాలు మాత్రం ఇంక మామూలుగా ఆనదు."

అంతేనండి జరిగింది. రోజూ ఉప్పు వేసిన వేణ్ణీళ్ళలో గిట్ట నానబెట్టి, మందు పెట్టి కట్టు కడుతున్నాను. లేచి తిరుగుతోంది, గడ్డి తింటోంది. కుంటుతోంది. పోయేవరకూ కుంటుతుంది. వదిలేసి పోయినవాడు దానికి చేసింది కొంత, తెచ్చుకున్నదాన్ని నేను చేసింది కొంత. వాణ్ణి తిట్టడానికి మొదలెట్టినప్పుడల్లా మధ్యలో నోరు పడిపోతోంది నాకు.

ఒక్క సంగతి మాత్రం ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. కట్టు కట్టడం అయ్యేక డాక్టరమ్మ చేతులు కడుక్కుంటూ అడిగింది, "ఇన్ని రోజులూ దీనికి వైద్యం చేసిందెవరండి?" అని. నేను తల వంచుకుని, "ఊళ్ళో ఒకావిడుందండి, గొడ్లకి నాటువైద్యం చేస్తాది. మేం ఎంత చెప్పినా వినలేదు" అన్నాను. నా నోటికి అంత సులువుగా ఎలా వచ్చిందో ఆ మాట.

"ఆవిడ్ని మళ్ళీ ఈ పాకలో అడుగుపెట్టనివ్వకండి" అంది డాక్టరమ్మ.

"ఆయ్" అన్నాను.

గుర్రం తాడు పట్టుకుని నించున్న మా ఆయన, మూడు రోజులుగా మాటలు మింగుకున్న మనిషి, అప్పుడు నోరు విప్పేరు. "ఎలా కుదురుద్దండీ డాక్టరుగారూ? ఆరు గేదెలకీ పాలు పితికేది కూడా ఆవిడేనండి."

డాక్టరమ్మ నా వంక తిరిగి చూసింది. నవ్వుతుందేమోనని నేనే ముందు నవ్వేను. ఆవిడ నవ్వలేదు.