ఎనిమిది ఇళ్ళ పిడికెడు బియ్యం

బెంగుళూరు బొమ్మనహళ్ళిలో మా వఠారంలో ఎనిమిది ఇళ్ళు. ఆరో ఇంటి హన్నా గార్మెంట్స్‌లో కాలర్లు కుడుతుంది. ఒంగోలు వైపు నుంచి వచ్చి పదేళ్ళయింది. ఒకరోజు రేకు డబ్బా పట్టుకుని నా గుమ్మంలో నిలబడింది.

“వరూధినక్కా, అన్నం వండేటప్పుడల్లా ఇందులో ఒక పిడికెడు బియ్యం ఎయ్యవా?”

వాళ్ళ చర్చి ఆడవాళ్ళకు ఇది అలవాటే. ఆ బియ్యాన్ని ఆదివారం వేలం వేస్తారు. ఈసారి వచ్చిన డబ్బుతో హన్నా ఎక్కడో ఆఫ్రికాలో కాన్పులు చేసే మంత్రసానికి మందుల సంచి పంపుతుందట!

నాకు ఒళ్ళు మండింది. “ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత! జ్వరమొస్తే నీకే సెలవివ్వరు, నువ్వు దేశాలను ఉద్ధరిస్తావా తల్లీ?”

హన్నా నవ్వలేదు. “మా చెల్లి సుప్రియ కాన్పులో రక్తం ఆగక చచ్చిపోయిందక్కా. ఆటో వచ్చేలోపల వెయ్యడానికి మంత్రసాని దగ్గర మందు లేదు. ఎవరికో మేమూ ఎక్కడో ఉండేవాళ్ళమే కదా.”

డబ్బా అందుకున్నాను.

ఎనిమిది ఇళ్ళవాళ్ళమూ పిడికెడేసి వేస్తే నెల తిరిగేసరికి బస్తా నిండింది. తీరా చర్చిలో వేలానికి పెడితే ఒక్కరూ పాడలేదు. పాడరు మరి! నాది సోనా మసూరి, పక్కింటిది రేషన్ బియ్యం, మేడ మీది తమిళావిడది ఉప్పుడు బియ్యం. అన్నీ ఒకే డబ్బాలో పోశాం. వండితే సగం గంజి, సగం పలుకు. ఇన్నేళ్ళు పొయ్యి దగ్గర నిలబడ్డ ఎనిమిది మందిలో ఒక్కదానికీ తట్టలేదు! హన్నా బస్తా మీద చెయ్యేసి అలాగే కూర్చుండిపోయింది.

బస్తాను ఆటోలో వేసి పిండిమిల్లు జయరామప్ప దగ్గరికి తీసుకుపోయాం. ఆయన గుప్పెడు తీసి చూశాడు.

“అన్నానికి పనికిరాదమ్మా. పిండికేం, బాగానే ఉండాది. అక్కి రొట్టె తట్టి అమ్మండప్పా!”

ఆడించిన కూలి కూడా పుచ్చుకోలేదు మహానుభావుడు.

శనివారం షిఫ్టు వదిలే వేళకు హన్నా ఫ్యాక్టరీ గేటు ముందు మూడు పెనాలు పెట్టాం. ఉల్లిపాయ, సోయికూర వేసి తట్టిన బియ్యప్పిండి రొట్టెలు చాల్లేదంటే నమ్మండి. ఎందుకు అమ్ముతున్నామో చెబితే కొందరు చిల్లర వద్దన్నారు. అలా రెండు శనివారాలు అమ్మాం.

డబ్బు నా ఫోన్లోంచే ఆ మందుల సంచులు పంపే సంస్థకు పంపాం. ఒక సంచికి సరిపోయింది. సంచిలో ఏమేం ఉంటాయో ఫోన్లో వచ్చిన రసీదులో ఇంగ్లీషులో రాసి ఉంది. నేను చదువుతుంటే హన్నా నా మోచెయ్యి పట్టుకుంది.

“రక్తం ఆగే మందు ఉందా, చూడక్కా.”

“ఉంది. మూడో వరుసలో.”

“ఇంకోసారి చూడు.”

ఇంకోసారి చూశాను. “ఉంది హన్నా.”

అప్పుడు ఏడ్చింది.