మంచం కింద రెండు ఇటుకలు

ఇవాళ పొద్దున పక్కింట్లో చేపల పులుసు మరుగుతుంటే, ఆ చింతపండు వాసనకే నా గొంతు చివర పులుపు తగిలినట్టయింది. వెంటనే యాదగిరి సార్ గుర్తొచ్చారు. ఇబ్రహీంపట్నంలో నేను సాంఘికశాస్త్రం చెప్పిన ప్రైవేటు బడికి ఆయన ప్రధానోపాధ్యాయులు. ఆయన తండ్రి ఒకప్పుడు చెరువులో చేపలు పట్టి మా ఇంటికి తెచ్చి ఇచ్చేవాడు. మా భూములన్నీ పోయాక ఆ మనిషి కొడుకు కిందే ఉద్యోగం చేయవలసి రావడం నాకు మింగుడుపడలేదు. ఆయనకు ఆ సంగతి తెలుసు. తెలిసినట్టు ఎన్నడూ కనబడనివ్వలేదు.

మా ఇంటి మగవాళ్ళు ఎక్కడ అడుగుపెట్టినా ముందు గొంతు సవరించుకునేవారు. నేనూ తరగతి గుమ్మం దగ్గర అలాగే చేసేవాణ్ణి, పిల్లలు లేచి నిలబడేవారు. అది రోజుకు వందసార్లయినా మా వంశం అలవాటనే అనుకున్నాను. తర్వాత పొద్దున్నే గొంతు బొంగురుపోవడం, ఏదో ఉండ అడ్డుపడ్డట్టుండడం మొదలైంది. మా చిన్నాన్న గొంతు క్యాన్సర్‌తోనే పోయాడు. ఆ భయాన్ని నా భార్యకు కూడా చెప్పకుండా ఆరు నెలలు మోశాను. గొంతు పోతే పాఠం పోతుంది. పాఠం తప్ప నాకు మిగిలిందేమీ లేదు.

ఒక మధ్యాహ్నం యాదగిరి సార్ నన్ను తన గదికి పిలిచారు.

“సార్, ఈ గొంతు సవరించుడు ఎన్నాళ్ళ సంది?”

“మా ఇంట్ల అందరికీ ఉన్నదే.”

“ఎరుకే. మీ తాత గొంతు ఇనంగనే మా బాపు భుజం మీది తువ్వాల తీసేటోడు. అది పెత్తనం సప్పుడు. మీది రోగం సప్పుడు. నడువున్రి దవాఖానకు.”

కోపం వచ్చింది. కాని అప్పటికే ఆయన స్కూటరు తాళం అందుకున్నారు.

మీర్‌పేట్‌లో డాక్టరమ్మ నా ముక్కులోంచి సన్నని గొట్టం దించి చూసింది. గడ్డ లేదు, పుండు లేదు అంది. కుర్చీ చేతులను నేనెంత గట్టిగా పట్టుకున్నానో అప్పుడు తెలిసింది. కడుపులోని ఆమ్లం పైకి వచ్చి స్వరపేటికను వాచేలా చేస్తోందట. ఛాతీలో మంటే లేదన్నాను. చాలామందికి మంట ఉండదట, గొంతు ద్వారానే బయటపడుతుందట. సవరించుకున్నకొద్దీ వాచిన చోటు ఇంకా ఒరుసుకుపోతుంది, సవరించుకోవాలనిపించినప్పుడల్లా గుక్కెడు నీళ్ళు మింగమంది. రాత్రి ఎప్పుడు తింటారని అడిగింది. పదింటికి తిని, తినగానే పడుకుంటానన్నాను. తిన్నాక మూడు గంటలైనా ఆగి పడుకోవాలంది.

బయటికి వచ్చాక యాదగిరి సార్ అడిగారు. “పదింటిదాంక ఎందుకాగుతున్నరు?”

“జీతగాళ్ళు తిన్నంక, పశువులకు మేతేసినంకనే ఇంటి పెద్ద తినాలె.”

“ఎంతమందున్నరు జీతగాళ్ళు?”

నేను స్కూటరు వెనక సీటు తుడవసాగాను.

“పోనీ, పశువులు?”

నాకే నవ్వొచ్చింది. ఆరు నెలల్లో అదే మొదటి నవ్వు.

ఆ ఆదివారం ఆయన స్కూటరు మీద రెండు ఇటుకలు పెట్టుకుని మా ఇంటికి వచ్చారు. మంచం తల వైపు ఎత్తుగా ఉండాలని, దిండ్లు పెంచితే పొట్ట మడతపడి ఇంకా చెడ్డదని డాక్టరమ్మ చెప్పిన మాట నాకంటే ఆయనకే బాగా గుర్తుంది. మా తాత నాటి టేకు మంచాన్ని ఆయనే ఎత్తి పట్టుకున్నారు. నేను నిటారుగా నిలబడి చూస్తున్నాను.

“వంగున్రి పటేలా. నేనెంతసేపు పట్టుకోవాలె?”

మోకాళ్ళ మీద కూర్చుని ఇటుకలు పెట్టాను.

మాత్రలు వాడాను, చాయ్ తగ్గించాను, బెల్టు వదులు చేశాను. తేలిగ్గా ఏమీ జరగలేదు. మూడు నెలలకు గాని గొంతు తేటపడలేదు. ఒకరోజు ఏడో తరగతిలో పాఠం మొత్తం చెప్పి బయటికి వచ్చాక, మధ్యలో ఎక్కడా ఆగలేదని గమనించాను.

యాదగిరి సార్ ఇప్పుడు పదవీ విరమణ చేసి బడంగ్‌పేట్‌లో ఉంటున్నారు. నేను మాత్రం దవాఖానకు వెళ్ళొచ్చిన రోజు నుంచి సాయంత్రం ఏడింటికే తింటున్నాను. అంతకుముందు నా తర్వాత, పదిన్నరకు, చల్లారినదే తినేది నా భార్య. మొదటి సాయంత్రం వడ్డించి అలవాటుగా పక్కన నిలబడింది. నువ్వూ కూర్చో అన్నాను. కాసేపు నన్ను చూసి, ఇంకో కంచం తెచ్చుకుని కూర్చుంది. మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని అంది: “బువ్వ ఇంకా వేడిగనే ఉన్నది.”