చెయ్యి ఎందుకు ఊపిందంటే

రూప్‌సింగ్ ఆటో ఎక్కినవాళ్లు కిరాయి ఎగ్గొట్టి దిగగలరేమో గానీ, ‘తొమ్మిదో దిక్కు’ ఆఖరి భాగం షూటింగ్ ముచ్చట్లు వినకుండా మాత్రం దిగలేరు. ఆ అంతరిక్షం సీరియల్ చివరి భాగాన్ని బూర్గంపాడు అవతల అడవి అంచున తీశారు. అందులో పొలుసుల వింతజీవి తొడుగు లోపల ఉన్నది రూప్‌సింగే. ప్రసారమైన రోజు తండా అంతా మోతీ ఇంట్లో టీవీ ముందు చేరి, చివర్లో పడే పేర్ల కోసం రెప్ప వాల్చకుండా చూసింది. ‘వింతజీవి’ అన్నచోట పట్నం నటుడెవరిదో పేరు పడింది. ఆయన చేసిందల్లా ఆ తొడుగు పక్కన నిలబడి ఫొటో దిగడం.

"అక్షరాలు జల్దీ పోయినయ్, నా పేరు మీకు కనపళ్లే" అని రూప్‌సింగ్ నవ్వేసి, తెల్లారి మామూలుగానే ఆటో తీశాడు. పట్నం వాళ్లకు అడవి పక్కవాళ్ల ఒళ్లు కావాలి, పేరు అక్కర్లేదు. ఈ పద్ధతి సీరియళ్లతో మొదలైంది కాదులెండి.

రోగులను ఆ ఆటోలోనే వాగు దాటించే ఆశా కార్యకర్త ప్రమీలకు ఆ ముచ్చట్లన్నీ కంఠతా వచ్చు.

"ప్రమీలక్కా, నీకో సంగతి తెల్సా?"

"ఎర్రగ్రహం మన మిర్చి కల్లమే. తెల్సు."

"హీరోయిన్ ఏడుపు..."

"యాక్టింగ్ గాదు, మిర్చి ఘాటు."

"మరి వాళ్ల గ్రహం భాష..."

"తుమ్ములు. అందరు తుమ్మిన్రు, గదే భాషని ఉంచిన్రు. ఇగ బండి తోలు."

ఆమెకు తెలియనిది ఒక్కటే. ఆఖరి సీనులో వింతజీవి కథానాయికను భుజాన మోసి వాగు దాటించి, తాను నీళ్ల మధ్యకు తిరిగిపోయి, ఒడ్డు వైపు చెయ్యి ఊపుతుంది. ఆ వీడ్కోలుకు ఊళ్లకు ఊళ్లే ఏడ్చాయి. "అది చెయ్యి ఎందుకు ఊపిందో ఎరుకేనా?" అని అడిగి రూప్‌సింగ్ అక్కడ ఆపేస్తాడు. ఎందుకని అడిగితే, "మర్లొచ్చేటప్పుడు చెప్త" అంటాడు. ప్రమీలేమో రోగి దగ్గర ఆగిపోయి, మర్నాడు బస్సులో తిరిగొస్తుంది. "గిది తెల్వకుండనే నా తల నెరిసేటట్టుంది" అని ఆమె గొణుగుడు.

ఈ వానకాలం ముసురు పట్టిన రోజున తండాలో నిండు చూలాలు గోరికి నొప్పులొచ్చాయి. అంబులెన్స్ వాగు అవతలి ఒడ్డుకే వస్తుంది, వానకాలంలో ఇవతలికి రాదు. గోరిని ఆటోలో పడుకోబెట్టి ప్రమీల పక్కన కూర్చుంది. వాగు కనపడక ముందే దాని హోరు వినిపించింది. పోయినేడు దూలయ్య ఎడ్లబండి ఈ వాగు చప్టా మీదనే కొట్టుకుపోయింది. ఎద్దులు ఇప్పటికీ దొరకలేదు.

"గోరీ, నీకో సంగతి తెల్సా చెల్లే?" అన్నాడు రూప్‌సింగ్.

"ఇప్పుడా?" అంది ప్రమీల, పళ్లు బిగించి.

అతను వినలేదు. మిర్చి కల్లం, తుమ్ములు, అన్నీ వరసగా వచ్చాయి. చప్టా మీద నీళ్లు చక్రాలను ఒరుసుకుంటున్నాయి. వింతజీవి చెయ్యి ఎత్తే చోటికి కథ వచ్చేసరికి ఆటో నడి చప్టా మీద ఆగిపోయింది.

ఇంజన్ మళ్లీ పలకలేదు. నీళ్లు కాళ్ల కిందికి వచ్చాయి. ఎక్కడిదో మొద్దు వచ్చి తగిలితే ఆటో పక్కకు జరిగింది. అవతలి ఒడ్డున ట్రాక్టర్ దగ్గర నలుగురు కుర్రాళ్లు ఫోన్లు పట్టుకుని వరదను వీడియో తీస్తున్నారు. ప్రమీల బయటికి వంగి రెండు చేతులూ ఊపింది. వాళ్లూ సంబరంగా ఊపారు.

"అక్కా, ఆ రోజు గిదే అయింది" అన్నాడు రూప్‌సింగ్. "తొడుగుల నీళ్లు నిండినయ్. తోకల కుక్కిన పత్తి తడిసి కిందికి గుంజింది. నేను ఊపింది టాటా గాదు, మునుగుతున్న, పట్టుండ్రి అని. ఒడ్డు మీదోళ్లు చప్పట్లు కొట్టిన్రు."

నొప్పిలోనే గోరి తల తిప్పింది. "మరి ఎట్ల బయటపడ్డవన్నా?"

"అది ఒడ్డుకు పోయినంక."

నీళ్లలోకి దిగి, ఆటో కమ్మీ పట్టుకుని గొంతు చించుకుని అరిచాడు. "టాటా గాదు తమ్మీ. ట్రాక్టర్ తాడు ఇసురుండ్రి."

ఫోన్లు జేబుల్లోకి పోయాయి. తాడు వచ్చింది. అతను దాన్ని ముందు చక్రం పైన కట్టి, ట్రాక్టర్ లాగుతుంటే పక్కన నడుస్తూ గోరితో తోక బరువు గురించే మాట్లాడుతూ ఒడ్డుకు చేరాడు. గోరిని అంబులెన్స్‌లోకి ఎక్కించాక అక్కడే బురదలో కూలబడ్డాడు. తాడు ముడి విప్పడానికి కూడా లేవలేకపోయాడు.

"నీకు భయం లేదనుకున్న" అంది ప్రమీల.

"భయం లేకుంటే గిన్ని ముచ్చట్లు ఎందుకు చెప్తనక్కా?"

భద్రాచలం దవాఖానాలో ఆడపిల్ల పుట్టింది. గోరి కళ్లు తెరిచి అడిగిన మొదటి మాట: "ఆయన ఎట్ల బయటపడ్డడో చెప్పిండా? దారంత గదే ఆలోచన. నీళ్లు సూడనే లేదక్కా."

అప్పుడు ప్రమీలకు వెలిగింది. రోగి ఎవరైనా, హోరు వినపడే మలుపులోనే కథ మొదలయ్యేది. నడి నీళ్లలో ప్రశ్న, జవాబు తిరుగుదారిలో. తిరిగి రావాలన్న ఆశ మిగలాలని.

మర్నాడు ఆమె బస్సెక్కలేదు, బాగుచేయించిన రూప్‌సింగ్ ఆటోలోనే తిరిగొచ్చింది. జవాబు విన్నది. ఆ రోజు షూటింగ్‌లో చాయ్ ఇచ్చే నాగక్క ఒక్కతే, "పోయేటోడు గట్ల ఊపడు" అని గ్లాసులు పడేసి, చీర కొంగు విసిరి లాగిందట. ఆమె పేరూ టీవీలో పడలేదు.

ఈ వానకాలం మీ ఫోన్లోనూ ఎవరో వాగు మధ్య చెయ్యి ఊపుతూ కనిపిస్తారు. వీడ్కోలనుకోకండి. ముందు తాడందించండి. తర్వాత, అక్కడ వంతెన ఏదని మీ నాయకుణ్ణి అడగండి, కట్టేదాకా అడుగుతూనే ఉండండి. రూప్‌సింగ్, నాగక్కల పేర్లు వేయమని ఆ సీరియల్ వాళ్లకూ ఒక ముక్క రాయండి. వాళ్ల చిరునామా కావాలంటే రూప్‌సింగ్ ఆటో ఎక్కండి. చెప్తాడు, మర్లొచ్చేటప్పుడు.