పంతొమ్మిది, ముప్పై తొమ్మిది, ముప్పై తొమ్మిది

గంగరాజుకి యాభై ఆరేళ్లు. విశాఖ పోర్టులో కంటైనర్ల నంబర్లు రాసుకునే ట్యాలీ క్లర్కు. తమ్ముళ్లు సముద్రం మీదికి వేటకెళ్తారు, ఈయన అంకెల వేటకెళ్తాడు. పదో తరగతి లెక్కల్లో రెండుసార్లు తప్పిన మనిషికి ఇదేం పిచ్చని అడక్కండి. ఏ నంబరు కనబడినా అది దేనితో భాగం పోతుందో తేలేదాకా ఆయనకి అన్నం సయించదు.

నాలుగు నెలల కిందట ఒక కంటైనర్ మీద 193939 కనబడింది. మూడుకి లొంగలేదు, ఏడుకి లొంగలేదు, దేనికీ లొంగలేదు. అచ్చమైన ప్రధాన సంఖ్య! మొదటి అంకె తీసి చివర పెడితే 939391, ఇంకోసారి తిప్పితే 393919. ఇలా మొత్తం ఆరు రూపాలు. ఆరూ ప్రధాన సంఖ్యలేనా? రోజూ భోజనం వేళ చేత్తోనే భాగిస్తూ ఐదింటిని తేల్చేశాడు. అన్నిటికన్నా పెద్దది, 939391, ఇంకా నడుస్తోంది.

సీతమ్మధారలో డిగ్రీ పిల్లలకి లెక్కలు చెప్పే అక్క కూతురు హిమబిందు ఈ మాట విని, మావయ్యా, మా క్లాసుకి వచ్చి చెప్పాల్సిందే అని పట్టుబట్టింది.

ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్లాడు. చెమటలు కక్కుతూ బోర్డు మీద నంబరు రాశాడు. ముందు బెంచీలో నాగశ్రీ పకపకా నవ్వింది. చివర ఐదుంటే ప్రధాన సంఖ్య ఎలా అవుతుందంది. గంగరాజు వెనక్కి తిరిగి చూసుకుని నీరుగారిపోయాడు. కంటైనర్ నంబరు సరిగ్గా రాశామో లేదో చూసుకోవడానికి చివర డబ్బా గీసి ఒక తనిఖీ అంకె వేస్తారు. ముప్పై ఏళ్ల అలవాటున చెయ్యి దాన్నీ రాసేసింది. ఆ మాటే చెప్పి ఐదుని తుడిచేశాడు. పిల్లలు నమ్మినట్టు లేదు.

వర్గమూలం దాకా ఉన్న ప్రధాన సంఖ్యలతో భాగించి చూస్తే చాలు, ఆ లెక్కన 939391కి ఇంకా తొమ్మిది భాగహారాలు మిగిలాయి. ఒక్కటి శేషం లేకుండా తెగినా నాలుగు నెలల కష్టం గంగలో కలిసినట్టే. ఎవరో ఫోన్ తీయబోయారు.

"ఫోన్ సెప్తే నాను సేసినట్టేటమ్మా? సేత్తో సేద్దారి" అన్నాడు.

తొమ్మిదిమందికి తలా ఒకటి పంచాడు. ఇక కాగితాల చప్పుడే చప్పుడు. 907 తెగలేదు. 911 తెగలేదు. ఒక్కో మాట వినబడినప్పుడల్లా క్లాసంతా ముందుకి వంగుతోంది. ఎనిమిదీ అయ్యాయి. ఆఖరిది 967, అది నాగశ్రీది. ఆ పిల్ల ఒకటికి రెండుసార్లు వేసింది.

"తొమ్మిది వందల డెబ్బై ఒక్కసారి పోయింది సార్. నాలుగు వందల ముప్పై నాలుగు మిగిలింది."

తెగలేదు! క్లాసు హోరెత్తిపోయింది. గంగరాజు సంతోషం పట్టలేక కళ్లు తుడుచుకున్నాడు. నాగశ్రీ మాత్రం ఆ గోలలో తల ఎత్తలేదు. ఇంకో కాగితం తీసుకుని, ఆయన తేల్చేశానన్న మొదటి నంబరుని మూడుతో మొదలుపెట్టి తనే భాగిస్తోంది.