మా ఊరి బ్యాంకు బోళ్లు

మా చిన్నప్పుడు... మా ఊరి బ్యాంకులో ఇనప్పెట్టె పక్కనే పప్పు వండే పెద్ద పెద్ద గంజులు ఉండేవంటే ఇప్పటి పిల్లలు నమ్మరు. నమ్మకపోతే పోనీ. నేను నా కళ్లతో చూశాను.

మాది పాలకుర్తి దగ్గర ఊరు. బ్యాంకు కొత్తగా వచ్చినప్పుడు, మా తరఫున ఊరికి ఏదైనా చేస్తాం, ఏం కావాలో చెప్పండి అన్నారట. మగవాళ్లు కుర్చీలన్నారు, బెంచీలన్నారు... ఆడవాళ్లు మాత్రం ఒకే మాట మీద నిలబడ్డారు. పెళ్లి వంటలకు బోళ్లు కావాలని! అంతకుముందు పెళ్లయినా దినాలైనా వంటపాత్రలు ఊరి పెత్తందారు పటేల్ ఇంటి నుంచే తెచ్చుకోవాలి. ఊరికే ఇస్తారా? బదులుగా వాళ్ల పొలంలో నాట్లకు పోవాలి. పైగా ఏడాదంతా వాళ్ల దెప్పుడు మాటలు పడాలి.

అట్లా వచ్చాయి బ్యాంకు బోళ్లు... ఇత్తడి గంగాళం, డేగిసలు, గంజులు, గరిటెలు. తండా వాళ్లడిగినా, మేమడిగినా ఇచ్చేవారు. కిరాయి లేదు. అబ్బ, ఆ గంగాళం తోమి ఎండలో బోర్లిస్తే కళ్లు జిగేల్‌మనేవి!

అయితే మా దగ్గర ఒక పద్ధతి ఉంది. ఎవరి గిన్నైనా సరే, ఖాళీగా తిరిగివ్వరు. కనీసం బెల్లం ముక్కయినా వేసిస్తారు. పెళ్లి గిన్నె అయితే మరీను... ఖాళీగా పంపితే పెళ్లికూతురి ఒడి ఖాళీ అవుతుందని భయం. అందుకని బ్యాంకు గంజులు లడ్డూలతో, గరిజెలతో... అదే, కజ్జికాయలతో... తిరిగి పోయేవి. పాత మేనేజరుగారు హాయిగా తినేవారు. ఆయన బదిలీ అయ్యి, గుంటూరు వైపు నుంచి కొత్త సారు వచ్చారు. మంచివాడే గానీ మహా నిక్కచ్చి మనిషి. గంజు నిండా గరిజెలు చూసి హడలిపోయారు. "పాత్రలు ఖాళీగా మాత్రమే తిరిగి ఇవ్వవలెను" అని గోడకు బోర్డు పెట్టించారు.

అంతే... మళ్లీ బోళ్లు అడిగినవాళ్లు లేరు. సరిగ్గా అప్పుడే మా అక్క పెళ్లి కుదిరింది!

మా బాపేమో సర్పంచి ఎలక్షన్లలో పటేల్‌కు ఎదురు తిరిగిన మనిషి. ఇప్పుడు గంజుల కోసం పోయి ఆ గుమ్మం ముందే నిలబడాలి. బాపుకు ముద్ద దిగలేదు.

"నా పెండ్లికి నువ్వు ఆయన ముంగట తలకాయ వంచుడేంది బాపు? బ్యాంకు గంజులే తెద్దాం. ఖాళీగియ్యమంటే ఖాళీగనే ఇద్దాం తియ్యి" అని అక్క ఏడ్చింది.

మా అవ్వ, బాపు తల్లి, ఊరుకుంటుందా! "నోరు మూస్కో పొల్లా! శుభమా అని పెండ్లి చేసుకుంట ఖాళీ గంజు ఎట్ల పంపుతరే?" అని కసిరి, కొంగు బొడ్లో దోపుకుని, నన్ను వెంటబెట్టుకుని బ్యాంకుకు నడిచింది.

"ఏం సారూ, మా బెల్లం గింత చేదున్నదా?" అంది లోపలికి పోతూనే.

సారు గబుక్కున లేచి నిలబడ్డారు. "అయ్యో, అదేం కాదు మామ్మగారూ... మేం ఎవరి దగ్గరా ఏమీ తీసుకోకూడదండీ. మా రూలు."

"నీకెవలిస్తున్నరు బిడ్డా? గంజుకిస్తున్నం. గా గంజు ఎవలది?"

"బ్యాంకుదండీ."

"బ్యాంకు ఎవల కోసం తెచ్చింది?"

"ఊరి కోసమండీ..."

"మరి ఊరిది ఊరే తింటది. నడుమ నీకేం పరేషాను?"

సారు పకపకా నవ్వేశారు. బోర్డు తీయించారు. కాకపోతే గంజును వరండాలోనే దించాలి, ఆరోజు బ్యాంకుకు వచ్చిన వాళ్లందరికీ పంచాలి అన్నారు.

అక్క పెళ్లి ఎంత బాగా జరిగిందనుకున్నారు! బాపు పందిట్లో మీసం దువ్వుకుంటూ తిరుగుతుంటే, అక్క పీటల మీద నుంచే చూసి ముసిముసిగా నవ్వింది. నాకిప్పటికీ ఆ నవ్వు తలుచుకుంటే కడుపు నిండిపోతుంది.

మర్నాడు గంజు నిండా లడ్డూలతో బ్యాంకుకు పోయాం. రైతులు, తండా అక్కలు, ముసలవ్వలు వరండాలో లైను కట్టారు. అవ్వ పంచుతోంది. లోపల సారు తలెత్తకుండా ఏదో రాసుకుంటున్నారు. పాపం, నెయ్యి వాసన లోపలికి పోకుండా ఉంటుందా...

"సారూ! నీకైతే ఇయ్య. లైన్ల నిలబడ్డోళ్లకైతే ఇస్త!" అని కేకేసింది అవ్వ.

సారు పెన్నుకు మూత పెట్టి, కౌంటరు దాటి వచ్చి, తన బ్యాంకు లైన్లో తనే చివర నిలబడ్డారు. వరండా అంతా ఒకటే నవ్వులు.

ఇప్పుడు మా ఊళ్లోనూ ఫంక్షన్ హాలుంది. బోళ్లు, వంట, వడ్డన అన్నీ వాళ్లే చూసుకుంటారు. బ్యాంకు పని ఫోన్లోనే అయిపోతోంది. సుఖంగానే ఉంది, కాదనను. కానీ లైన్లో నిలబడి లడ్డూ తిన్న మేనేజరును మాత్రం మళ్లీ చూడలేదు...

మీ ఇళ్లలో గిన్నె తిరిగిచ్చేటప్పుడు ఏం వేసిచ్చేవారు? చెప్పండి, వినాలనుంది.

నేనైతే ఇప్పటికీ ఖాళీగా ఇవ్వను. మొన్న మా పక్క ఫ్లాటు అమ్మాయి కూర పంపిన డబ్బాలో నాలుగు గరిజెలు పెట్టిచ్చాను. "అయ్యో, నాకెందుకు ఆంటీ ఇవన్నీ?" అంది మొహమాటంగా.

"నీకెవలిస్తున్నరు బిడ్డా," అన్నాను... "డబ్బాకిస్తున్న."